దబ్బకాయ తొక్క, అరకు కాఫీ, సింహాచలం అనాస: ఇంట్లో మద్యానికి పరిమళం పట్టించడం గురించి

యారాడ కొండ | జూలై 3, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. పద్నాలుగేళ్లు ఓడల మీద పనిచేసి, కిందటి ఏడాది విశాఖలో స్థిరపడ్డాను. ఇటలీ రేవుల్లో ఆగినప్పుడల్లా ఒక సంగతి నన్ను ఆకట్టుకునేది. అక్కడ ఇళ్లలో పెద్ద నిమ్మకాయల పసుపు తొక్కను గాఢమైన మద్యంలో ఊరబెట్టి, పరిమళమంతా దిగాక చక్కెర పాకం కలిపి, చల్లబరిచి, భోజనం తర్వాత అతిథికి వేలెడంత గ్లాసులో పోసి ఇస్తారు. లిమోంచెల్లో అంటారు. తాగి తూలడానికి కాదు, ఆ ఇంటి చేతివాటం చూపించడానికి ఇచ్చేది. మన ఇంట్లో కొత్త ఆవకాయ ముద్ద చుట్టానికి పెట్టినట్టే.

అదే పని మన కాయలతో, మన దినుసులతో చెయ్యాలని నా కోరిక. మొదటి ప్రయత్నంగా రైతుబజారులో పది నిమ్మకాయలు తెచ్చి, తొక్కలు ఒలిచి, 750 మిల్లీలీటర్ల వోడ్కాలో వేసి మూడు వారాలు అలమరాలో పెట్టాను. మొన్న తీసి రుచి చూస్తే నోరంతా చేదు. పాకం కలిపినా పోలేదు. ఎక్కడ తప్పు చేశానో అనుభవం ఉన్నవారు చెప్పండి.

ఎం.వి.పి. వంటగది | జూలై 3, రాత్రి 10:02

యారాడ గారూ, తప్పు రెండు చోట్ల జరిగింది. మొదటిది, మన నిమ్మకాయ. దాని తొక్క కాగితంలా పలచన. పై ఆకుపచ్చ పొర ఒక్కటే తీద్దామన్నా కింద ఉన్న తెల్లపొర కూడా వచ్చేస్తుంది. పరిమళం ఇచ్చే నూనె అంతా పైన రంగున్న పొరలో చిన్న చిన్న తిత్తుల్లో ఉంటుంది. చేదంతా తెల్లపొరలో ఉంటుంది. రెండోది, మూడు వారాలు. నూనె మొదటి కొద్ది రోజుల్లోనే దిగిపోతుంది. ఆ తర్వాత మీరు ఎదురుచూసినదంతా చేదు దిగడానికే.

ఈసారి దబ్బకాయతో చేసి చూడండి. దబ్బకాయ పచ్చడి పెట్టుకునే ఇళ్లలో ఆ వాసన ఎలాంటిదో చెప్పనక్కర్లేదు, కాయ కొయ్యగానే పక్కింటికి తెలుస్తుంది. తొక్క మందంగా ఉంటుంది కాబట్టి దుంపల తొక్క తీసే పీలరుతో పై పొరను పట్టీలుగా లాగవచ్చు. చెయ్యి తేలిగ్గా ఆడాలి. తీసిన పట్టీని కిటికీ దగ్గర వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. లోపలివైపు సూదిమొనంత గుంటలు కనిపిస్తూ, వెలుగు పసుపుగా దిగితే సరైన మందం. లోపలివైపు తెల్లగా మూసుకుపోయి ఉంటే చాకుతో ఆ తెలుపు గీకి తీసెయ్యండి. నేను ఒక్కో పట్టీనీ ఇలాగే చూస్తాను. మూడు కాయలకు అరగంట పడుతుంది, ఆ అరగంటే మొత్తం పని.

మర్రిపాలెం మాస్టారు | జూలై 4, ఉదయం 6:35

వంటగది అమ్మ చెప్పినది అక్షరాలా నిజం. దాని వెనక ఉన్న కారణం కూడా తెలిస్తే ఏ కాయ వేసినా మీకే దారి దొరుకుతుంది. ముప్పయ్యేళ్లు రసాయనశాస్త్రం చెప్పాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

నీళ్లలో తీపి, పులుపు, ఉప్పు కరుగుతాయి. సువాసన నూనెలు కరగవు. ఆల్కహాల్‌లో ఆ నూనెలు చక్కగా కరుగుతాయి. మన దుకాణాల్లో దొరికే వోడ్కా, రమ్ము, బ్రాందీ సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. పాత బ్రిటిష్ కొలతలో 75 ప్రూఫ్ అన్నది అదే. అంటే సీసాలో సగం కన్నా ఎక్కువ నీళ్లే. అందువల్ల అది నూనెనీ లాగుతుంది, నీళ్లలో కరిగే చేదునీ వగరునీ కూడా లాగుతుంది. కాకపోతే ఒక్కోటి ఒక్కో వేగంతో వస్తుంది. నూనె, కారం ముందు పరుగెత్తుకొస్తాయి. చేదు, వగరు వెనక నడుచుకుంటూ వస్తాయి. ముందు వచ్చినవాటిని లోపలికి రానిచ్చి, వెనకవాళ్లు గుమ్మం దాకా రాకముందే తలుపు వెయ్యాలి. ఊరబెట్టడంలో నేర్చుకోవలసిన విద్య ఇదే.

ఆ తలుపు ఎప్పుడు వెయ్యాలో క్యాలెండరు చెప్పలేదు. నాలుకే చెప్పాలి. రోజూ ఒకే వేళకు శుభ్రమైన చెంచాతో పావు చెంచా తీసి, రెండింతలు నీళ్లు కలిపి రుచి చూడండి. నీళ్లు కలపకపోతే ఆల్కహాల్ మంటలో చేదు తెలియదు. నిన్నటి కన్నా ఈ రోజు బాగుంటే ఉంచండి. నిన్నటిలాగే ఉంటే ఆ రోజే వడకట్టండి.

యారాడ కొండ | జూలై 4, ఉదయం 8:20

మాస్టారూ, నమస్కారం. నీళ్లు కలిపి చూడాలన్న మాట నాకు ఎవరూ చెప్పలేదు. ఇటలీలో లిమోంచెల్లో మబ్బుపట్టినట్టు ఉండేది, నాది నీళ్లలా తేటగా ఉంది. అది కూడా లోపమేనా?

మర్రిపాలెం మాస్టారు | జూలై 4, ఉదయం 9:05

లోపం కాదు. అక్కడ వాడేది 95 శాతం దాకా గాఢత ఉన్న స్పిరిట్. అది తొక్కలోని నూనెను బాగా ఎక్కువగా లాగుతుంది. తర్వాత పాకం కలిపినప్పుడు గాఢత ఒక్కసారిగా పడిపోతుంది, కరిగి ఉన్న నూనె నిలబడలేక సన్నని బిందువులుగా విడిపోతుంది. ఆ బిందువులే మబ్బు. మన వోడ్కాలో మొదటినుంచీ కరిగిన నూనె తక్కువ, అందుకని మబ్బు పలచగా పడుతుంది, లేదా పడదు.

కళ్లారా చూడాలంటే రెండు చెంచాల సోంపు కచ్చాపచ్చాగా దంచి, ఒక క్వార్టర్ వోడ్కాలో రెండు రోజులు ఉంచి వడకట్టండి. తేటగా ఉంటుంది. దానిలో చల్లని నీళ్లు కొద్దికొద్దిగా పొయ్యండి. బియ్యం కడుగులా తెల్లబడుతుంది. గ్రీసులో ఊజో, ఫ్రాన్సులో పాస్తీ నీళ్లు పోస్తే తెల్లబడేది ఇందుకే. వాటిలోనూ మన సోంపులోనూ ఉన్నది అనెథోల్ అనే ఒకే పదార్థం.

పూర్ణా మార్కెట్ వీధి | జూలై 4, మధ్యాహ్నం 1:15

మాది మూడు తరాలుగా దినుసుల వ్యాపారం. మద్యం సంగతి నాకు తక్కువ తెలుసు కానీ దినుసు సంగతి చెబుతాను.

మొదటి మాట: పొడులు వెయ్యకండి. పొడి వేస్తే గంటలో అంతా దిగిపోతుంది, ఆపడానికి వీలుండదు, ఎంత వడకట్టినా అడుగున బురద మిగులుతుంది. గోటా దినుసు కొని, రోట్లో ఒక్క దెబ్బ వేసి వాడండి.

రెండో మాట: దాల్చిన చెక్క అని బజారులో ఎక్కువగా అమ్మేది కాసియా చెక్క. మందంగా, గరుకుగా, ఒకే పొరగా చుట్టుకుని ఉంటుంది. సిలోన్ దాల్చిన చెక్క పొగాకు చుట్టలా పలచని పొరలు పొరలుగా ఉండి, వేళ్ల మధ్య నలిపితే పొడిపొడి అవుతుంది. కాసియాలో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ, అది మోతాదు మించితే కాలేయానికి మంచిది కాదు. మద్యంలో వేసేటప్పుడు సిలోన్ చెక్క అడిగి తీసుకోండి. ధర ఎక్కువే, కానీ ఫుల్ బాటిలుకు వేలెడు ముక్క చాలు.

మూడో మాట: మన ఊరి గాలి. వానాకాలంలో సముద్రపు తేమకి డబ్బాలో ఉన్న మిరియాలు, ఏలకులు కూడా మెత్తబడతాయి. బూజు వాసన ఏ మాత్రం ఉన్నా ఆ దినుసును ఊరబెట్టకండి. బూజు విషాలు మద్యంలో పోతాయనుకోవడం పొరపాటు.

ఓడ వంటవాడు | జూలై 4, సాయంత్రం 6:40

పూర్ణా మార్కెట్ గారి మాటలకు నా లెక్క జోడిస్తున్నాను. ఇవన్నీ 750 మిల్లీలీటర్లకు నేను చేసి చూసినవి. లవంగం రెండే రెండు, ఒక్క రోజు. మూడోది వేస్తే పంటినొప్పి మందు వాసన వస్తుంది, ఎందుకంటే దంతవైద్యులు వాడే యూజినాల్ లవంగంలోనిదే. ఏలకులు ఆరు, పగలగొట్టి, రెండు రోజులు. అల్లం 50 గ్రాములు పలచని చక్రాలుగా కోసి నాలుగు రోజులు. కరివేపాకు రెండు రెబ్బలు, కడిగి, తడి పూర్తిగా ఆరాక, ఒక్క రాత్రి. ఆకు నల్లబడే దాకా ఉంచితే గడ్డి వాసనే మిగులుతుంది. వాము జోలికి వెళ్లకండి, పావు చెంచా కూడా మిగతా రుచులన్నిటినీ మింగేస్తుంది.

పచ్చిమిరపకాయ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కారం ఇచ్చే క్యాప్సైసిన్ నీళ్లలో దాదాపు కరగదు కానీ ఆల్కహాల్‌లో చాలా తొందరగా కరుగుతుంది. ఒక్క కాయ నిలువుగా చీరి వేసి, గంటకొకసారి రుచి చూడండి. నాకు రెండు గంటల్లో సరిపోయింది. పడుకునే ముందు వేసి పొద్దున తీద్దామనుకుంటే ఆ సీసా తాగడానికి పనికిరాదు.

ఇంకొకటి. అన్నీ కలిపి ఒకే జాడీలో వెయ్యకండి. ఒక్కోదాని వేళ ఒక్కోటి. క్వార్టర్ సీసాలు నాలుగు తీసుకుని, ఒకదానిలో అల్లం, ఒకదానిలో మిరియం, ఒకదానిలో ఏలకు, ఒకదానిలో దబ్బ తొక్క విడివిడిగా ఊరబెట్టి, తర్వాత చెంచాలతో కొలిచి కలుపుకోండి. సాంబారులో ఉప్పెక్కువైతే నీళ్లు పొయ్యగలం, ఒకే జాడీలో లవంగం ఎక్కువైతే చేసేదేమీ లేదు.

గాజువాక 26 | జూలై 5, ఉదయం 7:50

పెద్దలందరికీ నమస్కారం. నాకు జరిగినది చెబుతాను, కారణం చెప్పగలరు. మే నెలలో ఒక క్వార్టర్ వోడ్కాలో అర లీటరు తాజా అనాస రసం కలిపి, మూత గట్టిగా బిగించి వంటింటి అరలో పెట్టాను. ఆరో రోజు మధ్యాహ్నం పెద్ద చప్పుడైంది. మూత ఎగిరి ఎదురు గోడకి తగిలింది, రసం పైకప్పు దాకా చిమ్మింది. అమ్మ అప్పుడే వంటింట్లోంచి బయటికి వెళ్లింది. గాజు సీసా అయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది. మద్యంలో ఏదీ చెడిపోదంటారు కదా?

మర్రిపాలెం మాస్టారు | జూలై 5, ఉదయం 8:30

బాబూ, ముందుగా అమ్మగారికి ఏమీ కాలేదు, అది చాలు. ఇక లెక్క చూద్దాం. 180 మిల్లీలీటర్ల వోడ్కాలో ఆల్కహాల్ 77 మిల్లీలీటర్లు. దానికి 500 రసం కలిపితే మొత్తం 680. అంటే నీ సీసాలో గాఢత 11 శాతమే. కల్లును పులియబెట్టే ఈస్టు లాంటివి 11 శాతంలో కూడా బతికి పనిచెయ్యగలవు. అనాస తొక్క మీద ఈస్టు ఉండనే ఉంటుంది, రసంలో చక్కెర పుష్కలం, మే నెల వేడి తోడైంది. పులిసినకొద్దీ కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, మూత బిగించి ఉంది, పీడనం పెరిగి పేలింది.

మద్యంలో ఏదీ చెడిపోదన్నది గాఢత నిలబడినంతవరకే. గది వేడిలో ఉంచేది 25 శాతానికి తగ్గకుండా చూసుకోవడం మంచి అలవాటు. 20 కన్నా తక్కువైతే ఫ్రిజ్‌లో పెట్టి కొద్దిరోజుల్లో వాడెయ్యాలి. రసం కాదు, ముక్కలు వెయ్యి. ముక్కలోనూ నీళ్లుంటాయని మరిచిపోకు. అనాసలో నూటికి 86 వంతులు నీళ్లే. 750 మిల్లీలీటర్ల వోడ్కాలో 500 గ్రాముల ముక్కలు వేస్తే, ఆ నీళ్లన్నీ కలిసిపోయాక గాఢత 27 శాతం దగ్గర నిలుస్తుంది. అంతకు మించి పండు వెయ్యకు. ముక్కలు పూర్తిగా మునిగి ఉండాలి. పైకి తేలి గాలి తగిలిన ముక్క మీదే బూజు పడుతుంది.

ఎం.వి.పి. వంటగది | జూలై 5, ఉదయం 11:20

అనాస మాట వచ్చింది కాబట్టి, ఇది సింహాచలం అనాసల కాలం. గిరి ప్రదక్షిణ రోజుల్లో కొండ కింద కుప్పలు పోసి అమ్ముతారు. వాటి వాసన బస్సు కిటికీలోంచే లోపలికి వస్తుంది. కళ్లు పూర్తిగా తీసి, నడిమి గట్టి కాడ కూడా తీసి, ఆ మిగిలిన కండనే వెయ్యండి. తెల్ల రమ్ములో ఐదు రోజులు. వడకట్టిన ముక్కలను పారెయ్యకండి, పెద్దవాళ్లకు మాత్రమే పెట్టండి, పిల్లల చేతికి అందకుండా చూడండి. పండులా కనిపిస్తుంది కానీ దానిలో మద్యం ఉంది.

పాత్ర విషయం కూడా చెప్పాలి. గాజు సీసానే వాడండి. ఇత్తడి, రాగి, అల్యూమినియం పాత్రల్లో పులుపున్న పండ్లు వద్దు. అమ్మమ్మ నాటి పింగాణీ జాడీలు చూడడానికి ముచ్చటగా ఉంటాయి, కానీ పాత పూతల్లో సీసం ఉండే అవకాశం ఉంది. ప్లాస్టిక్ డబ్బా అసలు వద్దు.

ఆసుపత్రి డ్యూటీ | జూలై 5, రాత్రి 11:45

చర్చ అంతా చదివాను. నేను నర్సును. చేతులు జోడించి కొన్ని మాటలు చెబుతాను.

దుకాణంలో ముద్ర ఉన్న సీసా తప్ప ఏదీ ఆధారంగా తీసుకోకండి. ల్యాబులో దొరికిందనో, రంగుల పరిశ్రమలోదనో, చవకగా వచ్చిందనో ఏ స్పిరిట్‌నీ తాగే పనికి వాడకండి. పారిశ్రామిక స్పిరిట్‌లో తాగకుండా ఉండడానికే విషం కలుపుతారు. 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. మిథనాల్ తాగినవారికి మొదట మామూలు మత్తులాగే ఉంటుంది. పన్నెండు గంటలో, ఒక రోజో గడిచాక చూపు మసకబారడం, కడుపునొప్పి, ఆయాసం మొదలవుతాయి. అప్పుడు ఇంట్లో మజ్జిగ ఇస్తూ కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి. ఇంట్లో పండ్లు ఊరబెడితే ప్రమాదకరమైనంత మిథనాల్ పుట్టదు. ప్రమాదం మొదట తెచ్చుకున్న సీసాలోనే ఉంటుంది.

రెండోది, పువ్వులూ ఆకులూ. పెరట్లో ఉన్నదల్లా వెయ్యకండి. ఉమ్మెత్త, గన్నేరు ప్రాణాంతకం. పొగాకు వేసి చూద్దామని ఎక్కడో చదివినవారు ఉంటే ఆ ఆలోచన మానుకోండి, నికోటిన్ ఆల్కహాల్‌లోకి సులువుగా దిగుతుంది. సింహాచలం సంపెంగల గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు. పూజకు అమ్మే పువ్వును తినే వస్తువుగా ఎవరూ పండించరు. దాని మీద ఏ మందు కొట్టారో మనకు తెలియదు. వద్దు.

మూడోది, పంపరపనస. రక్తపోటుకు, కొలెస్ట్రాల్‌కు వాడే కొన్ని మాత్రల ప్రభావాన్ని అది ఒంట్లో పెంచుతుంది. మాత్రలు వేసుకునే అతిథికి ఇచ్చే ముందు అడగండి. అసలు చక్కెర వ్యాధి మందులు, నిద్రమాత్రలు, మూర్ఛ మందులు వాడేవారికి మద్యమే వద్దు. గర్భిణులకు ఒక్క చెంచా కూడా వద్దు.

యారాడ కొండ | జూలై 6, ఉదయం 6:15

నర్సు గారూ, సంపెంగ గురించి అడగబోయింది నేనే. అడగకముందే ఆపారు, కృతజ్ఞతలు.

సీతమ్మధార అమ్మమ్మ | జూలై 6, మధ్యాహ్నం 3:30

నాకు డెబ్బయ్యేళ్లు. ఈ శీర్షిక చూసి మనసు చివుక్కుమంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణాల మీద తిరగబడినప్పుడు, ఆ కబురు మా ఊరికి కూడా వచ్చింది. మా అక్క చీపురు పట్టుకుని ముందు నడిచింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చిన రోజు మా వీధిలో పండుగ చేసుకున్నాం. మా బావ అప్పటికే లేడు. ఇంటిల్లిపాది ఏడ్చి సాధించుకున్నదాన్ని మీరు ఇళ్లలో ముచ్చటగా చేసుకుంటామంటే నాకు కష్టంగా ఉంది. తిట్టడానికి రాయలేదు. చెప్పకుండా ఉండలేక రాశాను.

ఎం.వి.పి. వంటగది | జూలై 6, సాయంత్రం 4:10

అమ్మా, మీరు రాసినందుకు సంతోషం. మా నాన్న కూడా తాగి తాగి పోయారు. అందుకే నేను చేసే సీసాలు ఏడాదికి మూడే, ఎవరికి పోసినా ముప్పై మిల్లీలీటర్లే, మా ఇంట్లో రెండోసారి పొయ్యను. మానుకున్నవారు వస్తే ఆ సీసాలు బల్ల మీదకే రావు.

వాళ్ల కోసం వేరే చేస్తాను. ఇదే దబ్బ తొక్కను చక్కెరలో కలిపి ఒక రాత్రి ఉంచితే చక్కెర ఆ నూనెను పీల్చుకుని తడి ఇసుకలా అవుతుంది. పొద్దున దానికి నిమ్మరసం కలిపి వడకడితే ఘుమఘుమలాడే షర్బత్ పాకం. సుగంధి వేళ్లను నీళ్లలో నానబెట్టి మరిగించి చేసే షర్బత్ మీకు తెలిసిందే. చుక్క మద్యం లేకుండా అతిథి మర్యాద జరుగుతుంది.

సీతమ్మధార అమ్మమ్మ | జూలై 6, సాయంత్రం 5:45

చక్కెరలో తొక్క సంగతి బాగుంది తల్లీ. అది నేను చేస్తాను. కొలత చెప్పు.

ఎం.వి.పి. వంటగది | జూలై 6, సాయంత్రం 6:00

రెండు దబ్బకాయల తొక్కకు 150 గ్రాముల చక్కెర. చేత్తో గట్టిగా పిసికి మూత పెట్టండి. ఆ చేతి వాసన మర్నాటి దాకా పోదమ్మా.

పూర్ణా మార్కెట్ వీధి | జూలై 7, ఉదయం 10:30

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. కొన్న మద్యంలో తొక్క వేసుకోవడం వేరు, బట్టీ పెట్టి కాయడం వేరు. ఇంట్లో సారా కాయడం నేరం, చిన్న కుక్కరుతో చేసినా నేరమే. ఊరబెట్టినదాన్ని లైసెన్సు లేకుండా ఒక్క సీసా అమ్మినా నేరమే. ఒడిశా నుంచో యానాం నుంచో మన రాష్ట్రంలో సుంకం కట్టని సీసాలు తెచ్చుకోవడం కూడా అంతే. ఒక మనిషి దగ్గర ఎన్ని సీసాలు ఉండవచ్చనే పరిమితి ఉంది. 2019లో దాన్ని ఆరు నుంచి మూడుకు తగ్గించారు. విధానాలు మారుతూ ఉంటాయి, కొనే రోజున ఎక్సైజు వారి దగ్గర అడిగి తెలుసుకోండి. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివారు ఈ పనికి దూరంగా ఉండాలి.

అరకు దారి | జూలై 8, రాత్రి 8:25

మాకు అరకు దగ్గర రెండెకరాల కాఫీ తోట ఉంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్ల మీదికి పాకించిన మిరియాల తీగలు. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా గింజలతో బ్రాందీ, రమ్ము రెండింటిలోనూ చేసి చూశాను.

గింజలను పొడి చెయ్యకూడదు. మధ్యరకంగా వేయించిన గోటా గింజలు 45 గ్రాములు, 750 మిల్లీలీటర్ల ముదురు రమ్ములో వేసి, చీకటిగా ఉండే చోట ఒక పగలు, ఒక రాత్రి. అంతే. మొదటి ఆరు గంటల్లో బెల్లం పాకం వాసన వస్తుంది. పన్నెండో గంటకి కాఫీ తెలుస్తుంది. ఇరవైనాలుగో గంటకి నిండుగా ఉంటుంది. నేనొకసారి కొండ దిగి విశాఖ వచ్చి, వాన వల్ల రెండు రోజులు ఆగిపోయాను. తిరిగి వెళ్లేసరికి సీసాలో మాడిన వాసన, నాలుక వెనక గరుకు. ఆ గంటలకు నాలుగు నల్ల మిరియాలు తోడు వేస్తే మా తోట గాలి సీసాలోకి వచ్చినట్టుంటుంది. తీపికి అనకాపల్లి బెల్లం పాకం కట్టి, వడగట్టి, పూర్తిగా చల్లారాక కలుపుతాను. వేడి పాకం మద్యంలో పొయ్యకండి, మద్యాన్ని పొయ్యి దగ్గర ఉంచకండి. ఆవిరి మంటను అందుకుంటుంది.

గాజువాక 26 | జూలై 8, రాత్రి 9:00

అన్నా, బెల్లంలో నలకలు ఉంటాయి కదా, సీసా అడుగున మట్టి పేరుకోదా?

అరకు దారి | జూలై 8, రాత్రి 9:20

పేరుకుంటుంది తమ్ముడూ. పాకాన్ని పలచని గుడ్డలో ఒకసారి, కాఫీ వడకట్టే కాగితంలో ఒకసారి వడకట్టు. కాగితంలో చుక్కచుక్కగా దిగుతుంది, గంట పడుతుంది. గరిటెతో నొక్కకు. నొక్కితే బురద కూడా దిగుతుంది.

యారాడ కొండ | జూలై 27, సాయంత్రం 7:00

మూడు వారాల తర్వాత వస్తున్నాను, ఫలితం చెప్పడానికి.

మూడు దబ్బకాయలు తెచ్చాను. వంటగది అమ్మ చెప్పినట్టు ఒక్కో పట్టీనీ కిటికీ వెలుతురులో చూశాను. మొదటి కాయకు సగం పట్టీలు పాడుచేశాను, మూడో కాయకు చెయ్యి కుదిరింది. ఒక ఫుల్ వోడ్కాలో వేసి, మూత మీద తారీఖు రాసి, రోజూ సాయంత్రం ఏడింటికి నీళ్లు కలిపి రుచి చూశాను. మొదటి రోజు వోడ్కా వాసనే. రెండో రోజు మూత తియ్యగానే దబ్బకాయ. మూడు, నాలుగు రోజులు పెరుగుతూ వచ్చింది. ఐదో రోజుకీ ఆరో రోజుకీ తేడా తెలియలేదు. ఆరో రోజు రాత్రే వడకట్టాను. తొక్కలు రంగు దిగిపోయి గడ్డిపరకల్లా తయారయ్యాయి, విరిస్తే పుటుక్కుమన్నాయి. పరిమళం మొత్తం సీసాలోకి వెళ్లిందనడానికి అదే గుర్తు కావచ్చు.

200 గ్రాముల చక్కెర, 200 మిల్లీలీటర్ల నీళ్లు పాకం చేసి, చల్లారాక కలిపాను. మాస్టారి లెక్క ప్రకారం 30 శాతం దగ్గర ఉంటుంది. మొదట పాకం వేరుగా, మంట వేరుగా అనిపించింది. రెండు వారాలు కదపకుండా ఉంచితే రెండూ ఒకటయ్యాయి. మబ్బు పలచగా పట్టింది, సీసాను దీపం ముందు పెడితే లేత కొబ్బరినీళ్ల రంగు.

నిన్న మా బావగారు వచ్చారు. భోజనమయ్యాక చిన్న గ్లాసులో పోసి ఇచ్చాను. ఆయన తాగలేదు, ముందు చాలాసేపు వాసన చూశారు. తర్వాత, "మా అమ్మ దబ్బకాయ పచ్చడి కలిపిన రోజు ఇల్లంతా ఇలాగే ఉండేది" అన్నారు. ఆవిడ పోయి పదకొండేళ్లు. గ్లాసు ఖాళీ చెయ్యడానికి అరగంట పట్టింది. రెండోసారి అడగలేదు, నేనూ పొయ్యలేదు.

ఓడ వంటవాడు | జూలై 27, రాత్రి 8:10

చదివి చాలా సంతోషించాను. సీసా సగమయ్యాక చిన్న సీసాలోకి మార్చండి. పైన గాలి ఎక్కువైతే నిమ్మజాతి నూనెలు కొద్ది నెలల్లో టర్పెంటైన్ వాసనకి తిరుగుతాయి. ఎండ తగలనివ్వకండి.

మర్రిపాలెం మాస్టారు | జూలై 27, రాత్రి 8:45

తారీఖు రాయడం, ఒకే వేళకు చూడడం, రెండు రోజులు సమానమైతే ఆపడం. మీరు పద్ధతిగా చేశారు, ఫలితం వచ్చింది. నా విద్యార్థులకు మీ ఆరు రోజుల లెక్కను చూపించాలనిపించింది, కానీ వయసు చాలని వాళ్లు. సోంపు ప్రయోగం చేశారా?

యారాడ కొండ | జూలై 27, రాత్రి 9:05

చేశాను మాస్టారూ. అచ్చం బియ్యం కడుగే. నాలుగుసార్లు చేసి చూశాను.

ఇక వేసవికి సువర్ణరేఖ మామిడితో చెయ్యాలని ఉంది. మన జిల్లా పండు, ఆ ఎర్రని బుగ్గ, ఆ వాసన వదులుకోలేను. పండినది వెయ్యాలా, దోర కాయ వెయ్యాలా?

ఎం.వి.పి. వంటగది | జూలై 27, రాత్రి 9:30

దోర కాయ. బాగా పండినది వేస్తే గుజ్జు కరిగి ఎంత వడకట్టినా గంజిలా ఉంటుంది. గట్టిగా ఉండి, తొడిమ దగ్గర వాసన వస్తున్న కాయ కావాలి, తొక్క తీసి పెద్ద ముక్కలుగా కొయ్యాలి. మంచి కాయలు మా ఇంటికి తోట నుంచి వస్తాయి. ఏప్రిల్ ఆఖరులో ఇక్కడే గుర్తుచెయ్యండి, పన్నెండు కాయలు మీకోసం పక్కన పెడతాను.